కాన్పు గదిలో ఆ నాలుగు గంటలు

కాన్పు నొప్పుల వేళ తల్లి నరానికి ఎక్కించే పెన్సిలిన్ మాయను దాటి బిడ్డ రక్తంలోకి, ఉమ్మనీటిలోకి చేరుతుంది. మందు తల్లికి, రక్షణ బిడ్డకు. జననమార్గంలో ఉన్న బ్యాక్టీరియా బిడ్డ ఊపిరితిత్తుల్లోకో, రక్తంలోకో పాకేలోపే దాన్ని ఆపడం ఈ చికిత్స పని. ప్రసవానికి కనీసం నాలుగు గంటల ముందు తొలి డోసు పడితేనే రక్షణ పూర్తిగా అందినట్టు వైద్యులు లెక్కిస్తారు. అమెరికాలో 1990ల తొలినాళ్లలో ప్రతి వెయ్యి జననాలకు సుమారు 1.7 మంది పసికందులకు తొలి వారంలోనే సోకిన ఒక ఇన్ఫెక్షన్, ఈ పద్ధతి స్థిరపడ్డాక 2015 నాటికి 0.23కి తగ్గింది. నవజాత శిశువుల వైద్యంలో ఇంత చవకైన మందు ఇంత మేలు చేసిన సందర్భాలు అరుదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ చుట్టూ పెరిగిన ఐటీ కారిడార్‌లో ఈ విషయం తరచూ ఎదురవుతుంది. తొలి కాన్పు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అయి, రెండో కాన్పు నాటికి ఇక్కడికి తిరిగొచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. వారి పాత ఫైల్లో ‘జీబీఎస్ పాజిటివ్’ అన్న ఒక లైను ఉంటుంది. ఇక్కడి ఆసుపత్రిలో ఆ పరీక్ష ఎవరూ రాయకపోతే ఆ తల్లికి భయం, రాస్తే పక్క ఫ్లాట్‌లోని మరో గర్భిణికి ‘నాకెందుకు రాయలేదు’ అన్న అనుమానం. అదే కారిడార్‌లో కోకాపేట, నార్సింగి టవర్లు కట్టే పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా కూలీల ఇళ్లలో ఆడవాళ్లు కాన్పుకు ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కుతారు. అక్కడ ఆ పేరే వినపడదు. ఈ ఇద్దరు తల్లులకూ వర్తించే వైద్యశాస్త్రం ఒక్కటే.

జీబీఎస్ అంటే ఇక్కడ, పైన చెప్పిన ఇన్ఫెక్షన్‌కు కారణమైన గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. 2025 మొదట్లో పుణె నుంచి, ఆపై తెలుగు జిల్లాల నుంచి వార్తల్లోకి వచ్చిన గులియన్ బారే సిండ్రోమ్‌ను కూడా పత్రికలు జీబీఎస్ అనే రాశాయి. అది నరాల జబ్బు. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఈ బ్యాక్టీరియా ఆరోగ్యవంతుల పేగుల్లో సహజంగానే ఉంటుంది. కొందరు స్త్రీలలో అక్కడి నుంచి జననమార్గంలోకి వస్తుంది, కొన్నాళ్లు ఉండి పోతుంది, మళ్లీ వస్తుంది. ఇది సుఖవ్యాధి కాదు, శుభ్రత లోపమూ కాదు, భర్తకు పరీక్ష అక్కర్లేదు. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో దాదాపు 18 శాతం మందిలో, దక్షిణాసియాలో సుమారు 12.5 శాతం మందిలో ఇది ఉంటుందని 2017లో వెలువడిన అంతర్జాతీయ అంచనా. శాతం తక్కువే అయినా జనాభా వల్ల మొత్తం సంఖ్యలో భారత్‌దే మొదటి స్థానం: ఏటా సుమారు 24.7 లక్షల మంది గర్భిణులు. తల్లికి దీనివల్ల చాలాసార్లు ఏ బాధా ఉండదు. అలాంటి తల్లులకు పుట్టే బిడ్డల్లో సగం మందికి ఒంటి మీదకి చేరుతుంది. మందు ఇవ్వకపోతే వంద మందిలో ఒకరిద్దరికి జబ్బుగా మారుతుంది. ఆ ఒకరిద్దరిలో అది రక్తాన్ని విషపూరితం చేసే సెప్సిస్‌గానో, న్యుమోనియాగానో, మెదడు పొరల వాపుగానో వస్తుంది. బతికి బయటపడినా కొందరికి వినికిడి, చూపు, ఎదుగుదల దెబ్బతింటాయి. 2020లో ప్రపంచంలో ఈ బ్యాక్టీరియా వల్ల తొలి వారంలో జబ్బుపడ్డ శిశువులు సుమారు 2.3 లక్షల మంది. అదే ఏడాది 46 వేల మంది బిడ్డలు దీనివల్ల కడుపులోనే చనిపోయారు.

లాన్స్‌ఫీల్డ్ నుంచి షికాగో దాకా

స్ట్రెప్టోకాకస్‌లను ఎ, బి, సి గ్రూపులుగా విడదీసింది అమెరికన్ శాస్త్రవేత్త రెబెకా లాన్స్‌ఫీల్డ్, 1933లో. అప్పటికి గ్రూప్ బి ఆవుల పొదుగువాపు జబ్బుగానే తెలుసు. మనుషుల్లో అది ప్రాణం తీయగలదని 1938లో ప్రసూతి జ్వరంతో చనిపోయిన ముగ్గురు తల్లుల వివరాలతో లండన్‌లో తేలింది. పసికందుల్లో మాత్రం 1960ల దాకా ఇది అరుదే. 1970లు వచ్చేసరికి అమెరికాలో నవజాత శిశువుల సెప్సిస్‌కు ఇదే ముఖ్య కారణమైంది.

ఉన్నట్టుండి ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు దొరికిన జవాబులో ఒక తెలుగువాడి ప్రస్తావన ఉంది. 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటి మందు. ఆ పరిశోధనల సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినది ఆయన విభాగంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్. లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపిన మందు అది. ఆ తర్వాత ప్రపంచమంతా టెట్రాసైక్లిన్లను విరివిగా, అవసరం ఉన్నా లేకున్నా వాడింది. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తల నాయకత్వంలో గ్రూప్ బి జన్యువులను పరిశీలించిన బృందం 2014లో ఒక విషయం ప్రకటించింది. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువు సంపాదించిన కొద్ది వంశాలే 20వ శతాబ్దం మధ్య నుంచి మనుషుల్లో నిలదొక్కుకుని వ్యాపించాయని, పసికందుల జబ్బు పెరగడానికి ఇదే కారణమై ఉంటుందని ఆ బృందం అభిప్రాయం. తప్పు మందుది కాదు, కనిపెట్టినవారిది అసలే కాదు. విచక్షణ లేకుండా వాడితే ఒక తరం చేసిన పనికి తర్వాతి తరం పసికందులు మూల్యం చెల్లిస్తారనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. కాన్పు వేళ యాంటీబయాటిక్ గురించి మాట్లాడే ప్రతి చోటా దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పరిష్కారం షికాగోలో దొరికింది. బాయర్, గాటాఫ్ అనే వైద్యులు నొప్పుల సమయంలో తల్లికి ఆంపిసిలిన్ ఎక్కిస్తే బిడ్డకు బ్యాక్టీరియా అంటడమూ, జబ్బు రావడమూ తగ్గుతాయని 1986లో చూపారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల పట్టుదల తోడయ్యాక, 1996లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం మార్గదర్శకాలు వచ్చాయి. 2002 నుంచి అక్కడ ప్రతి గర్భిణికీ నెలలు నిండే ముందు పరీక్ష తప్పనిసరి ఆచారమైంది. బ్రిటన్ మాత్రం అందరికీ పరీక్ష అక్కర్లేదని, ప్రమాద సూచనలు ఉన్నవారికే మందు చాలని ఇప్పటికీ అంటోంది. రెండూ బాధ్యత గల వైద్య వ్యవస్థలే. కాబట్టి హైదరాబాద్‌లో పరీక్ష రాయని డాక్టరు నిర్లక్ష్యంగా ఉన్నట్టూ కాదు, రాసిన డాక్టరు డబ్బు కోసం రాసినట్టూ కాదు. భారత్‌లో ఈ పరీక్షను అందరికీ చేసే జాతీయ కార్యక్రమం ఏదీ లేదు.

పరీక్ష, మందు, గడియారం

36, 37 వారాల్లో, అంటే తొమ్మిదో నెల నడుస్తుండగా చేసే పరీక్ష ఇది. ఒకే దూది పుల్లతో (స్వాబ్) మొదట జననమార్గం కింది భాగంలో, తర్వాత మలద్వారం లోపల తుడిచి తీస్తారు. చాలామంది గర్భిణులు తమంతట తామే తీసుకోగలిగినంత సులువు. మలద్వారం దగ్గర మొహమాటపడి ఒక్క చోటే తీస్తే బ్యాక్టీరియా ఉన్నా దొరక్కుండా పోయే అవకాశం పెరుగుతుంది. ల్యాబులో ఆ పుల్లను నేరుగా ప్లేటు మీద రుద్దకూడదు. ఇతర బ్యాక్టీరియాను అణచి, దీన్ని మాత్రమే పెంచే ద్రవంలో ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు గొర్రె రక్తం కలిపిన అగర్ ప్లేటు మీదకు మారుస్తారు. మరో రోజుకు చిన్న చిన్న మచ్చలు, వాటి చుట్టూ పలచని వలయం కనిపిస్తాయి. నిర్ధారణకు పక్కనే స్టెఫైలోకాకస్ గీత గీస్తారు. గ్రూప్ బి అయితే రెండు గీతలూ దగ్గరపడే చోట ఎర్రకణాలు పూర్తిగా కరిగి, బాణం ములికి ఆకారంలో తేటపడుతుంది. రెండు మూడు రోజుల పని. అందుకే నొప్పులతో వచ్చాక ఈ కల్చర్ పంపి ప్రయోజనం లేదు. రిపోర్టు వచ్చేసరికి బిడ్డ పుట్టి ఉంటుంది. ఒకసారి తీసిన ఫలితం అయిదు వారాల దాకానే చెల్లుతుంది.

పరీక్ష చేసినా చేయకపోయినా కొందరికి మందు ఇవ్వాల్సిందే. గత కాన్పులో బిడ్డకు ఈ జబ్బు వచ్చి ఉంటే ఈసారి స్వాబ్ అవసరమే లేదు, నేరుగా మందే. ఈ గర్భంలో ఏ నెలలోనైనా మూత్రం కల్చర్‌లో గ్రూప్ బి కనిపించినా అంతే. స్వాబ్ ఫలితం తెలియనప్పుడు మూడు సూచనలు చూస్తారు: 37 వారాలు నిండకుండా నొప్పులు రావడం, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, నొప్పుల వేళ తల్లికి 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం. ఖరీదైన ల్యాబు లేని చోట కూడా ఈ మూడింటినీ ఒక థర్మామీటరు, ఒక గడియారం, సరిగ్గా రాసిన తేదీలతో పట్టుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయ్యే తల్లికి ఈ మాట ఎంతో ముఖ్యం.

మందుల్లో మొదటి ఎంపిక పెన్సిలిన్ జి. ఎనభై ఏళ్లుగా వాడుతున్నా గ్రూప్ బి దాదాపు అన్ని చోట్లా దీనికి లొంగుతూనే ఉంది. తొలి డోసు 50 లక్షల యూనిట్లు. 10 లక్షల యూనిట్ల బుడ్లు అయితే అయిదు కలిపి సెలైన్‌లో నెమ్మదిగా ఎక్కించాలి. ఆ తర్వాత బిడ్డ పుట్టేదాకా నాలుగు గంటలకోసారి 25 నుంచి 30 లక్షల యూనిట్లు. అది దొరకనప్పుడు ఆంపిసిలిన్, మొదట 2 గ్రాములు, తర్వాత నాలుగు గంటలకోసారి 1 గ్రాము. పెన్సిలిన్ పడదని చెప్పుకునే వారిలో పదికి తొమ్మిది మందికి నిజానికి ఆ ఎలర్జీ ఉండదు. చిన్నప్పుడు ఎప్పుడో దద్దుర్లు వచ్చాయని ఇంట్లో అనుకున్న మాటే ఏళ్ల తరబడి ఫైల్లో ఉండిపోతుంది. అప్పుడేం జరిగింది, ఊపిరాడలేదా, ముఖం వాచిందా, లేక వాంతి మాత్రమేనా అన్నది తొమ్మిదో నెలలోనే డాక్టరుకు వివరంగా చెప్పాలి. ప్రమాదం తక్కువైతే సెఫజోలిన్ ఇస్తారు. ఎక్కువైతే క్లిండామైసిన్. కానీ దానికి లొంగని రకాలు చాలా ఉన్నందున ల్యాబు ముందే పరీక్షించి చెప్పాలి. లొంగకపోతే వాంకోమైసిన్.

స్వాబ్ పాజిటివ్ వచ్చిందని వారం రోజులు మాత్రలు రాయడం మాత్రం దండగ. మాత్రలతో తాత్కాలికంగా తగ్గిన బ్యాక్టీరియా పేగుల్లోంచి మళ్లీ వచ్చి చేరుతుంది. కాన్పు రోజుకు పరిస్థితి మొదటికే వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే సంగతి వేరు. అది లేనప్పుడు మందు పడాల్సింది నొప్పులు మొదలయ్యాకే, అదీ నరం ద్వారానే.

పుట్టింటి ప్రయాణం, పెట్టుకున్న ముహూర్తం

ఐటీ కారిడార్‌లో ఈ చికిత్స తప్పిపోయేది చాలాసార్లు విజ్ఞానం లేక కాదు, ఫైలు చేతులు మారక. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ బలమైన ఆచారం. ఎనిమిదో నెల దాకా కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో చూపించుకున్న అమ్మాయి సీమంతం కాగానే ఖమ్మం, కరీంనగర్, రాజమండ్రి, విజయవాడ వెళ్తుంది. స్వాబ్ తీయాల్సిన 36వ వారం సరిగ్గా ఆ ప్రయాణం అయిన కొత్తలోనే పడుతుంది. పాత డాక్టరు కొత్త డాక్టరు చూసుకుంటారనుకుంటారు, కొత్త డాక్టరు పాత చోట అయిపోయిందనుకుంటారు. అయిదో నెలలో మూత్రం కల్చర్‌లో గ్రూప్ బి వచ్చిన రిపోర్టు ఏదో యాప్‌లో పీడీఎఫ్‌గా ఉండిపోతుంది. రాత్రి రెండు గంటలకు నొప్పులతో వచ్చిన ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు అది కనపడదు. ఆ ఒక్క కాగితం అచ్చు తీసి ఫైలు మొదటి పేజీగా పెట్టుకోవడం ఈ కుటుంబాలు చేయగల అతి పెద్ద మేలు.

రెండోది ముహూర్తం. తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. నొప్పులు రాకముందే, ఉమ్మనీటి సంచి చెదరకముందే ముందుగా నిర్ణయించిన రోజున ఆపరేషన్ చేస్తే, స్వాబ్ పాజిటివ్ అయినా జీబీఎస్ కోసం ప్రత్యేకంగా పెన్సిలిన్ ఎక్కించాల్సిన పని లేదు. బ్యాక్టీరియా పైకి పాకే దారి ఇంకా తెరుచుకోలేదు కనుక. ఆపరేషన్ గాయానికి ఇన్ఫెక్షన్ రాకుండా కోత పెట్టడానికి ముందు గంటలోపు సెఫజోలిన్ ఒక డోసు మాత్రం అందరికీ ఇవ్వాలి. అయినా ఆపరేషన్ తేదీ ఖాయమైన వారికీ స్వాబ్ తీయడమే మంచిది. బిడ్డ ముహూర్తం దాకా ఆగకపోవచ్చు. పెట్టుకున్న రోజుకు నాలుగు రోజుల ముందే ఉమ్మనీరు పోతే ఆ రిపోర్టు అప్పుడు అక్కరకొస్తుంది. అలాగని జీబీఎస్ పాజిటివ్ అన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయాలని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. ఎవరైనా అలా అంటే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మేలు.

ఇక సమయం. మామూలు కాన్పుకు సిద్ధపడే తల్లులను ‘నొప్పులు బాగా పెరిగాకే రండి’ అని పంపేయడం సాధారణం. తొలి కాన్పులో, ఉమ్మనీరు నిలిచి ఉన్నప్పుడు అది సరైన సలహానే. జీబీఎస్ పాజిటివ్ తల్లికి ఆ సలహా సరిపోదు. రెండో కాన్పు చాలాసార్లు తొలిదానికంటే వేగంగా అవుతుంది. సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికే ఎంతసేపు పడుతుందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. నాలుగు గంటల లెక్కలో ఇంట్లో ఆగినది, దారిలో పోయినది, అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబడినది అన్నీ కోతే. ఉమ్మనీరు పోయిన క్షణానే, నొప్పులు క్రమంగా రావడం మొదలవగానే బయలుదేరాలి. వచ్చీరాగానే నర్సుకు చెప్పాల్సిన మొదటి మాట ‘జీబీఎస్ పాజిటివ్, పెన్సిలిన్ పెట్టాలి’ అన్నదే. ఆలస్యమైనా మందు మానకూడదు. రెండు గంటల రక్షణైనా ఏమీ లేకపోవడం కంటే నయం. ఆ మందు కోసం కాన్పును ఆపాల్సిన పనీ లేదు.

పెన్సిలిన్‌కు లొంగని శత్రువులు

అమెరికా లెక్కలను హైదరాబాద్‌కు యథాతథంగా తెచ్చుకుంటే పొరపాటు. 2011–2014 మధ్య ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టి, అక్కడి నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 13,530 మంది శిశువులను గమనించిన అధ్యయనం ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో 2016లో వచ్చింది. అక్కడ నూటికి 14 మందికి పైగా శిశువుల్లో సెప్సిస్ కనిపించింది. మూడింట రెండొంతులు తొలి మూడు రోజుల్లోనే. రక్తంలో దొరికిన బ్యాక్టీరియాలో అసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్‌సియెల్లా 17, ఈ.కోలై 14. గ్రూప్ బి వాటా చాలా స్వల్పం. పైగా దొరికినవాటిలో పెద్ద భాగం మామూలు యాంటీబయాటిక్స్‌ను లెక్కచేయనివి. పుట్టిన మూడు రోజుల్లోనే వార్డుల్లో తిరిగే మొండి సూక్ష్మజీవులు బిడ్డకు సోకుతున్నాయంటే, అవి కాన్పు గదిలోనో, ఆ తర్వాతి కొద్ది గంటల్లోనో అంటుకున్నవని అర్థం. పెన్సిలిన్ వాటిని ఆపలేదు. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన బ్లేడు, పొడిగా వదిలేసిన బొడ్డు, అనవసరంగా పదేపదే చేయని లోపలి పరీక్ష ఆపుతాయి. నొప్పులు బలపడ్డాక లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వచ్చిన ప్రతి డాక్టరూ, ప్రతి విద్యార్థీ చేతి గ్లవ్ మార్చి మళ్లీ చూడటం ఎక్కడ ఉందో అక్కడ పసికందుకు ముప్పూ ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం కాన్పు గదుల నాణ్యత గురించే. అదే ఏడాది కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిడ్‌వైఫ్‌ల శిక్షణ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. ఓపికగా పక్కన నిలబడి, అవసరమైనప్పుడే తాకే మనిషి కాన్పు గదిలో ఉండటం ఇన్ఫెక్షన్ నివారణే.

ఇన్ని సూక్ష్మజీవులను ఒకే మాత్రతో ఆపలేమా అని పరిశోధకులు ప్రయత్నించారు. నొప్పుల వేళ తల్లికి 2 గ్రాముల అజిత్రోమైసిన్ ఒక్కసారి మింగించి చూసే పెద్ద పరీక్ష ఏడు దేశాల్లో 29,278 మందిపై జరిగింది. అందులో మన పొరుగునే ఉన్న నాగ్‌పూర్, బెళగావి కూడా ఉన్నాయి. 2023లో వచ్చిన ఫలితం: తల్లుల్లో సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. మృతశిశు జననాలు, శిశువుల సెప్సిస్, మరణాలు కలిపి చూస్తే మందు తీసుకున్న వారిలో 10.5, తీసుకోనివారిలో 10.3 శాతం. అంటే బిడ్డలకు తేడా లేదు. గాంబియా, బుర్కినా ఫాసోల్లో దాదాపు 12 వేల మందిపై జరిగిన మరో పరీక్షలోనూ శిశువుల విషయంలో ఇదే తేలింది. తల్లికి మేలు చేసే మందు బిడ్డకూ చేస్తుందని అనుకోవడానికి లేదు.

కీడు చేసిన సందర్భమూ ఉంది. నెలలు నిండకుండా నొప్పులు వచ్చి, ఉమ్మనీటి సంచి మాత్రం చెదరని తల్లులకు ముందుజాగ్రత్తగా ఎరిత్రోమైసిన్, కో-అమాక్సిక్లావ్ ఇచ్చి చూసిన ఒరాకిల్ పరీక్షలో బిడ్డ పుట్టినప్పుడు ఆ మందులు ఏ లాభమూ చూపలేదు. ఆ పిల్లలను ఏడేళ్ల వయసులో మళ్లీ పరిశీలిస్తే, మందులు తీసుకున్న తల్లుల పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా కనిపించింది. 2008లో ఈ సంగతి బయటపడ్డాక, ఉమ్మనీరు పోకుండా, ఇన్ఫెక్షన్ లేకుండా వచ్చే ముందస్తు నొప్పులకు యాంటీబయాటిక్ ఇవ్వకూడదన్న నియమం గట్టిపడింది. నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయినప్పుడు మాత్రం ఇవ్వాలి. రెండు పరిస్థితులకూ మధ్య తేడా బయటివారికి చిన్నదిగా అనిపించవచ్చు. బిడ్డకు అది జీవితకాలపు తేడా.

అందుకే ‘ఎందుకైనా మంచిది’ అన్న మాట ఈ విషయంలో ప్రమాదకరం. ఏ సమస్యా లేని మామూలు కాన్పు తర్వాత తల్లికి యాంటీబయాటిక్ అక్కర్లేదని, చిన్న కోత పెట్టి కుట్లు వేసినంత మాత్రాన కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే స్పష్టంగా చెప్పింది. అయినా డిశ్చార్జి కాగితం మీద అయిదు రోజుల సెఫలోస్పోరిన్ కోర్సు రాయడం చాలా చోట్ల అలవాటుగా సాగుతోంది. ఇది మారాలి. నొప్పుల వేళ ఇచ్చే మందు కూడా బిడ్డ పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియాను కొన్ని వారాలు తగ్గిస్తుంది, తల్లిపాలతో అది చాలావరకు కోలుకుంటుంది. అవసరమైన చోట ఆ నష్టం భరించదగినదే. అవసరం లేని చోట భరించమనే హక్కు ఎవరికీ లేదు.

ఇంటికి వెళ్లాక

మందు సరిగ్గా పడినా జబ్బు వచ్చే అవకాశం పూర్తిగా పోదు. తొలి డోసు నాలుగు గంటల ముందు పడకపోతే బిడ్డను 36 నుంచి 48 గంటలు ఆసుపత్రిలోనే గమనించడం మంచిది. ఏడో రోజు నుంచి 89వ రోజు వరకు వచ్చే ఆలస్యపు జబ్బును కాన్పు వేళ ఇచ్చిన పెన్సిలిన్ ఆపదు. గర్భిణికి వేసి బిడ్డను కాపాడే టీకాపై పరీక్షలు జరుగుతున్నాయి. ఫైజర్ తయారుచేస్తున్న ఆరు రకాల టీకాకు అమెరికా నియంత్రణ సంస్థ 2022లో ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. అది ఆసుపత్రుల దాకా వచ్చేలోపు పసికందుకు రక్షణ ఇంట్లోవాళ్ల కళ్లే.

పాలు తాగుతున్న బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము పట్టకపోతే, లేపినా లేవకుండా మగతగా పడి ఉంటే, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినపడితే, పక్కటెముకల కింద గుంట పడుతుంటే, ఒళ్లు కాలుతున్నా లేదా చల్లబడినా, చేతులు కాళ్లు కొట్టుకున్నా ఆలస్యం చేయకూడదు. దిష్టి తగిలిందని, పాలు ఎక్కువై అజీర్తి చేసిందని, వాము నీళ్లు పట్టిస్తే తగ్గుతుందని గడిపే ప్రతి గంటా నష్టమే. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, తర్వాత 14, 21, 28, 42 రోజుల్లో చూసేది ఈ లక్షణాల కోసమే. ఆమెను గేటు దగ్గరే ఆపి పంపేయకూడదు, గేటెడ్ కమ్యూనిటీ అయినా సరే.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఈ వారమే ఫైలు తెరిచి చూడండి. మూత్రం కల్చర్ రిపోర్టులో స్ట్రెప్టోకాకస్ అన్న మాట ఉందా, పెన్సిలిన్ పడదని ఎక్కడైనా రాసి ఉందా, 36వ వారం ఏ తేదీన వస్తుంది, ఆ రోజుకు ఆమె ఏ ఊళ్లో ఉంటుంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని తదుపరి చెకప్‌కు డాక్టరు ముందు పెట్టండి.